నోరు పెద్దదాని వైపే

జహ్రాలో ఆ ఇంటి వంటగదిలో రెండు మూలలు నావి.
ఒకదాంట్లో బియ్యం డబ్బా, ఇంకోదాంట్లో నేను.
మగ్రిబ్ పిలుపు ఆగినాక
పిల్లోడు పుస్తకం చంకన పెట్టుకొని అక్కడికే వస్తాడు.
వాడి పేరు ధారి. నా నోట్లో దారి.
నా పేరు ఓబులమ్మ. వాడి నోట్లో ఉబ్లా.
పేర్ల దగ్గర మాత్రం
ఇద్దరం సరికి సరి.

రైల్వేకోడూరు హైస్కూల్లో పది దాకా చదివానని
నా వీసా కాగితంలో ఎవరూ రాయలేదు.

మూడుకీ ఎనిమిదికీ మధ్య గుర్తు పెట్టి ఉంది.
ఎడమ నుంచి చదివి, మూడు చిన్నది అన్నాను.
కుడి నుంచి చదివి, ఎనిమిది పెద్దది అన్నాడు.
కాదంటే కాదని కాసేపు కొట్లాడుకున్నాం.
సింకులో హామూరు చేప నోరు తెరుచుకొని పడుంది.
తోక పట్టి ఎత్తి చూపించాను:
యాడ నుంచి చదువుకో నాయనా,
దీని నోరు పెద్దదాని వైపే.
వాడు నవ్వాడు. చేప నవ్వలేదు.

ఋణ సంఖ్యతో గుణిస్తే
గుర్తెందుకు తిరగబడుతుందని అడిగాడు.
అదే మాట అడిగితే మా పుల్లయ్య సారు
చాక్‌పీసు విసిరాడు, నుదుటికి తగిలింది.
పేరులోనే జవాబుందని ఆయన చెప్పలా,
ఋణం, అంటే అప్పు.
ఏజెంటు ఇంటి అరుగు మీద వేలిముద్ర కాదు, సంతకమే పెట్టి
నాకు నేనే నేర్చుకున్నా ఆ లెక్క.
పిల్లోడికి ఖర్జూరాలతో చెప్పాను.
నీ దగ్గర మూడు, మీ అక్క దగ్గర రెండు. ఎవరు పైన?
నేను.
నువ్వు మూడు బాకీ, అక్క రెండే బాకీ. ఇప్పుడు?
చాలాసేపు ఖర్జూరాల వంక చూసి
ఏడుపు మొహంతో అన్నాడు: అక్క.

ఇంగ గీతల పాఠం.
బిందువుకు పొడవు లేదు, వెడల్పు లేదు,
ఉన్న చోటు ఒక్కటే ఉంది.
దానికి ఉదాహరణ కోసం నేను వెతుక్కోలేదు.
కిరణానికి మొదలుంది, కొస లేదన్నాను.
కిటికీలోంచి సాల్మీ రోడ్డు మీద లారీ లైటు చూపించాను.
అది మా గోడకు తగిలి ఆగిపోయింది గదా ఉబ్లా,
అది ఖండమే, అన్నాడు.
నిజమే. ఇక్కడ గోడలు ఎత్తు.

కోణాన్ని వాళ్ళు జావియా అంటారు,
మూలకూ అదే మాట.
నేను కూర్చున్నదీ అదే, నేర్పుతున్నదీ అదే.
తొంభైకి తగ్గితే అల్పకోణం అని చెబుతూ
ఒక్క క్షణం ఆగాను.
తక్కువగా ఉన్నదాన్ని అల్పం అనేది మా భాషకు పాత అలవాటు.
వాడికది అరబీలో ఎట్లా చెప్పాలో తెలియక
రొట్టెను అడ్డంగా, నిలువుగా కోసి
నాలుగు లంబకోణాలు చేశాను.
పేరు అప్పజెప్పకముందే ఒకటి తినేశాడు.

చివరి లెక్క లిఫ్టుది.
గరిష్ఠంగా ఏడుగురు ఎక్కొచ్చు.
వాడు అక్షరం రాశాడు, చేప నోరు గీశాడు, ఏడు వేశాడు.
సంఖ్యారేఖ మీద ఏడు దగ్గర
ఖాళీ సున్న చుట్టాడు.
తప్పని నేను అనలేదు. అడిగాను:
ఏడో మనిషి వస్తే ఎక్కించుకుంటారా, కింద నిలబెడతారా?

పెన్సిలు కొన కొరికాడు.
వేళ్ళ మీద లెక్కపెట్టాడు:
బాబా, మామా, అమ్మమ్మ, అక్క, చిన్నోడు, తను.
ఏడో వేలు దగ్గర ఆగి నా వైపు చూశాడో,
నా వెనక గడియారం వైపు చూశాడో నాకు తెలియదు.
గుర్తు కింద చిన్న గీత గీశాడు.
సున్నను నల్లగా నింపాడు, కాగితం చిరిగేంత గట్టిగా.

సరిపోయింది అన్నాను.
పుస్తకం మూసుకొని పోయాడు.

ఆ రాత్రి ఆరు పళ్ళేలు కడిగాను.
నాది గిన్నె.